ఫారములో ఒక గడి

జీతాల రిజిస్టరులో ఒక గడి ఎక్కువ కావలసివచ్చిన, గుమాస్తా రూళ్ళకర్ర పెట్టి గీత గీసికొనును. లెక్కలను యంత్రమునకు అప్పగించిన పిమ్మట ఈ చిన్నపనియే పెద్ద చిక్కైనది.

అమెరికాలో 1890 జనాభా లెక్కలకు హెర్మన్ హొలెరిత్ చేసిన యంత్రములను వాడిరి. కార్డులో చిల్లు ఉన్నచోట విద్యుత్తు ప్రవహించి, గడియారము వంటి ముఖముపై ముల్లు ఒక అంకె ముందుకు జరుగును. ఏ చిల్లు ఏ ముల్లును కదల్పవలెనో లోపలి తీగలే నిర్ణయించును. ప్రశ్న మారినచో తీగల కూర్పునే మార్చవలెను. 1906లో వచ్చిన యంత్రమునకు తీగలు గుచ్చు పలక నమర్చిరి. ఒక రంధ్రములోని తీగను తీసి వేరొక దానిలో గుచ్చిన చాలును.

1959లో ఐ.బి.ఎమ్. కంపెనీ తన 1401 కంప్యూటరు కొరకు ఆర్.పి.జి. అను భాషను ప్రవేశపెట్టినది. ఇందులో తీగలు లేవు. ఏ అంకె ఏ వరుసలో అచ్చుకావలెనో ప్రత్యేకమైన కాగితపు ఫారములపై గడిగడికి వ్రాయవలెను. ఫారము తయారుచేయుటకు ముందు మరియొక ఫారము పూర్తిచేయవలసివచ్చినదన్నమాట!

1972లో ఐ.బి.ఎమ్. ను విడిచిన అయిదుగురు పశ్చిమ జర్మనీలో ఎస్.ఎ.పి. కంపెనీని స్థాపించిరి. ఒకే ప్రోగ్రామును పలు సంస్థలకు అమ్మవలెనని వారి ఊహ. కాని సంస్థకొక పద్ధతి. అందుచేత మారునట్టి సంగతులను ప్రోగ్రాము వెలుపల పట్టికలలో ఉంచిరి. ఉత్తీర్ణతకు 35 మార్కులని ప్రోగ్రాములోనే వ్రాసితిమనుకొనుడు. అది 40 అయిన దినమున ప్రోగ్రామునే దిద్దవలెను. పట్టికలో వ్రాసిన, అక్కడ అంకె దిద్దిన సరిపోవును. ఫారములో ఏ గడి కనబడవలెను, ఏది తప్పక నింపవలెను అనునవియు ఇట్లే నిర్ణయింపవచ్చును.

పట్టికలు చాలనివారు ఏమిచేయవలెను? 1992లో వెలువడిన ఆర్/3లో ప్రోగ్రాము మూలపాఠమును కూడ కొన్నవారికి ఇచ్చిరి. పలువురు అందులోనే తమకు కావలసినట్లు దిద్దుకొనిరి. నా దృష్టిలో చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. కొత్త కూర్పు వచ్చినప్పుడు దానిలో పాత దిద్దుబాట్లు ఉండవు. ఒక్కొక్కటిగా సరిచూచి మరల చేర్చవలెను. అందుకే కంపెనీవారి పాఠమును దిద్దుటకు వేరుగా తాళపుసంఖ్య పొందవలెనని నియమము పెట్టిరి. సొంత ప్రోగ్రాములు వ్రాసికొనువారికి మాత్రము వై, జెడ్ అక్షరములతో మొదలగు పేర్లను విడిచిపెట్టిరి. కంపెనీ ఆ పేర్లను వాడదు గనుక, కొత్త కూర్పు వాటిని తుడిచివేయదు.