కరెంటు పోతే మిషన్ మొదటికే

తెర మీద బైనాక్యులర్‌లోంచి కంచె లోపలి కాపలావాళ్లు కనిపిస్తున్నారు. కుర్చీ వెనక నలుగురు నిలబడి ఊపిరి బిగబట్టి లెక్కపెడుతున్నారు. "అన్నా, ముందు ఆ కెమెరా సంగతి చూడు. బెల్లు కొట్టిందంటే అయిపాయె!" అన్నాడొకడు. అంతలో టప్పున కరెంటు పోయింది. అరగంట కష్టం గాలికి పోయింది.

2000 తర్వాతి తొలి ఏళ్లలో పావగడలో నేను చూసిన నెట్ సెంటర్ అది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, దాదాపు చుట్టూరా ఆంధ్ర నేల, ఏటా వాన కోసం ఎదురుచూపు. మా తాలూకా అదీ. అక్కడి పిల్లలకు తుపాకీ ఆటంటే 'ఐజీఐ'యే. నార్వేలోని ఇన్నర్‌లూప్ స్టూడియోస్ చేసిన 'ప్రాజెక్ట్ ఐజీఐ' 2000 డిసెంబరులో వచ్చింది. దాని ఇంజిన్ అంతకుముందు అదే సంస్థ యుద్ధ విమానాల ఆట కోసం రాసుకున్నది. అందుకే గదులూ వసారాలూ దాటి, కొండలూ మైదానాలూ కనుచూపు మేర పరుచుకున్నాయి.

తుపాకీ పట్టిన చెయ్యీ మనదే, చూసే కళ్లూ మనవే అన్నట్టుండే ఈ ఫస్ట్ పర్సన్ షూటర్ ఆటల మీద పెద్దలు తరచూ ఒక మాట అంటారు: "అన్నీ ఒకటే గదా, నడిచేది, కాల్చేది! ఇందులో కష్టమేముంది, కొత్తేముంది?" కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదిది.

కష్టం సంగతి ముందు. ఐజీఐలో మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీల్లేదు. అలారం మోగితే బ్యారక్‌ల నుంచి సైనికులు వస్తూనే ఉంటారు. కాబట్టి తూటా కన్నా ముందు బుర్ర కదలాలి. ఉపగ్రహ పటం చూడాలి, కెమెరాలు ఆపాలి, పారిపోయే దారి ముందే ఎంచుకోవాలి. అది నిజమైన కష్టం. చివరి గేటు దగ్గర ప్రాణం పోతే అంతా మళ్లీ ఆడమనడం మాత్రం ఓర్పుకు పెట్టిన పరీక్ష. రెండూ ఒకటి కావు. 2005లో వచ్చిన 'కాల్ ఆఫ్ డ్యూటీ 2' ఇంకో కొసకు పోయింది. గాయపడితే గోడ చాటున కాసేపు దాక్కుంటే చాలు, ప్రాణం దానంతటదే తిరిగి వస్తుంది. ఆ పద్ధతే చాలా ఆటలకు పాకింది. జాగ్రత్త అక్కర్లేని చోట కష్టం ఎక్కడుంటుంది?

ఇక కొత్తదనం. 1973 ప్రాంతంలో అమెరికాలోని నాసా ఏమ్స్ కేంద్రంలో స్టీవ్ కోలీ, మిత్రులు కలిసి 'మేజ్ వార్' అనే ఆట రాశారు. గీతలతో గీసిన సందులు, ఎదురొచ్చే శత్రువు ఒక కనుగుడ్డు బొమ్మ. 1992 మే నెలలో ఇడ్ సాఫ్ట్‌వేర్ వారి 'వుల్ఫెన్‌స్టైన్ 3డీ' వచ్చింది. అందులో గోడలన్నీ లంబకోణాల్లోనే, నేలంతా ఒకే ఎత్తులో ఉంటాయి. ఆనాటి కంప్యూటర్ల బలం అంతే. మరుసటి ఏడాది డిసెంబరు 10న అదే సంస్థ 'డూమ్' ఇచ్చింది. మెట్లు, ఏ కోణంలోనైనా మలుపు తిరిగే గోడలు, మిణుకుమనే చీకటి! అయినా ఒక గది మీద ఇంకో గది కట్టే వీలు అందులో లేదు. ఆ సంస్థ ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ ఆ లోపం కళ్లకు కనపడకుండా లెక్కలు కట్టాడు. ఇంత తక్కువ సరంజామాతో అంత పని చేయడమే నా దృష్టిలో అసలు సృజన. తర్వాత కొన్నేళ్లపాటు ఈ రకం ఆటలన్నిటినీ 'డూమ్ నకళ్లు' అనే పిలిచారు.

మలుపు తిరిగేదాకా ముందేముందో తెలియని భయం మాత్రం ఆ ఆటలు పుట్టించింది కాదు. మన దక్కను కోటల్లో చాలా చోట్ల వాకిలి నేరుగా ఉండదు, దారిని వంపు తిప్పి కట్టారు. దూసుకొచ్చిన శత్రువు అక్కడ వేగం తగ్గించుకోక తప్పదు, పైనున్నవాడికి దొరికిపోతాడు. ఎప్పుడు కోట ఎక్కినా నాకు డూమ్ సందులు గుర్తొస్తాయి.

1998 నవంబరులో వాల్వ్ వారి 'హాఫ్‌లైఫ్' ఆటను మధ్యలో ఆపకుండానే కథ చెప్పి చూపించింది. దాన్నే మార్చి మిన్ లీ, జెస్ క్లిఫ్ 1999లో 'కౌంటర్ స్ట్రైక్' చేశారు. చచ్చినవాడు ఆ రౌండు అయ్యేదాకా చేతులు కట్టుకుని చూడాల్సిందే. ఎదుట ఉన్నది సాటి మనిషి కాబట్టి నిన్నటి ఎత్తు ఇవాళ పారదు. కష్టమంటే అదీ. ఆ తర్వాత వచ్చినవాటిలో తుపాకుల మెరుగే ఎక్కువ. 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించిన పబ్జీ మొబైల్ కూడా పాత వేటకే వందమందిని చేర్చింది, అంచులు కుదించుకుపోయే మైదానాన్ని జోడించింది.

కాబట్టి నా తీర్పు ఇది: ఈ ఆటలు ఒకప్పుడు నిజంగా కొత్తవి, కొన్ని నిజంగా కష్టమైనవి. అన్నీ కావు.

కరెంటు లేక ఆట పోగొట్టుకున్న మా తాలూకాలోనే తిరుమణి చుట్టుపక్కల రైతులు కౌలుకిచ్చిన దాదాపు 13,000 ఎకరాల్లో ఇప్పుడు 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం ఉంది. మీ ఇంట్లో ఐజీఐ పాత సీడీ ఉంటే పారేయకండి. పిల్లల చేత ఒక్క మిషన్ ఆడించండి, పక్కన మీరూ కూర్చోండి.