మూడు రోహిణి కార్తెలు

ఇట్లా దగ్గరికి జరగండర్రా, మంట అందరికీ తగలాలి. ఒరే చిన్నోడా, ఆ కంప ఇంకాస్త లోపలికి తొయ్యి. బుజ్జమ్మా, నువ్వు పొగకి ఎదురుగా కూర్చోకు, ఇటు రా.

ఈ ఏడు శివరాత్రి వెళ్లిన నాలుగైదు రోజులకే రంజాన్ నెల మొదలవుతుంది. ఈసారి నేనూ ఒక్కపొద్దు ఉంటా తాతా అని వీడు నా వెంటపడ్డాడు. ఉండరా, నేను వద్దనను. కానీ ఎందుకు ఉంటున్నామో తెలిసి ఉండాలి. తెలియకుండా కడుపు మాడ్చుకుంటే అది లంఖణం. జ్వరమొచ్చినవాడు కూడా లంఖణం చేస్తాడు.

మన సంక్రాంతి ఎప్పుడూ చలికాలంలోనే, ఉగాది ఎప్పుడూ ఎండలు ముదిరే ముందే. రంజాన్ అట్లా ఒకచోట నిలవదు. చంద్రుణ్ణి బట్టి లెక్క కదా, పన్నెండు నెలలకి 354 రోజులే. గోడ మీది క్యాలెండర్ కన్నా పది పదకొండు రోజులు తక్కువ. పంచాంగంలో అయితే అధికమాసం కలిపి ఆ తేడా సరిచేస్తారు. ఇస్లాం లెక్కలో అట్లా కలపరు. అందుకని రంజాన్ ఏటా పది రోజులు వెనక్కి జరుగుతూ, వానల్లోంచి ఎండల్లోకి, ఎండల్లోంచి చలిలోకి తిరిగి, ముప్పై రెండు ముప్పై మూడేళ్లకి మళ్లీ అదే కాలానికి చేరుతుంది. 1998లో సంక్రాంతి సరిగ్గా ఒక్కపొద్దుల మధ్యలో పడింది. పక్కింటి వాళ్లు పంపిన అరిసెల్ని సాయంత్రం దాకా గిన్నె కింద మూతపెట్టి, పొద్దుగూకాక ఖర్జూరం తర్వాత తిన్నాం. 2000లో అయితే ఒకే ఏడాదిలో రెండు రంజాన్ పండగలు వచ్చాయి, జనవరిలో ఒకటి, డిసెంబరు ఆఖర్లో ఒకటి.

ఇట్లా తిరగడంలో న్యాయం ఉందిరా. భూమ్మీద ఏ దేశపు వాళ్లకీ ఎప్పుడూ సులువైన ఒక్కపొద్దులే రావు, ఎప్పుడూ కష్టమైనవే రావు. మన వైపు చలికాలంలో పగటి ఉపవాసం పన్నెండు గంటల పైచిలుకు. మే నెలలో పద్నాలుగు గంటలు దాటుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో రంజాన్ రావడం నా బతుకులో మూడు విడతలు చూశాను. ఒకసారి పిల్లవాడిగా, ఒకసారి ఇంటిల్లిపాదినీ పోషించే వయసులో, ఒకసారి ముసలాడిగా. ఒక్కపొద్దు గురించి నాకు తెలిసిందంతా ఆ మూడు ఎండాకాలాలే చెప్పాయి.

మొదటిది 1953. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు. అక్టోబరులో రాష్ట్రం వచ్చింది, అంతకు ముందు మే నెల నడుమ రంజాన్ వచ్చింది. మనం దూదేకుల వాళ్లం కదా, మా నాయన విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, మసీదులో చదివేది అరబీ. ఊళ్లో కరెంటు లేదు, మైకు లేదు. ఇంకా తెల్లారకముందే ఫకీరు సాయిబు దఫ్ వాయిస్తూ వీధి వీధి తిరిగి లేపేవాడు. మా అమ్మ అప్పటికే లేచి పొయ్యి ముట్టించేది. సహరీకి జొన్న సంకటి, మజ్జిగ, ఉంటే ఇంత పచ్చడి. అది తిని, కడుపు నిండా నీళ్లు తాగి, మనసులో నియ్యత్ చేసుకోవాలి. నియ్యత్ అంటే ఫలానా రోజు రోజాను, అంటే ఒక్కపొద్దును, అల్లా కోసం ఉంటున్నానని గట్టిగా అనుకోవడం. తూర్పున తెల్లటి వెలుగు చాలు అడ్డంగా పరుచుకున్న దగ్గర్నుంచి పడమట సూర్యుడు మునిగేదాకా మెతుకు లేదు, చుక్క నీళ్లు లేవు, పెద్దవాళ్లకి బీడీ లేదు, మొగుడూ పెళ్లాల పొందూ లేదు.

మేం పిల్లకాయలం మధ్యాహ్నం వేపచెట్టు కింద చేరి ఒకరి నాలుక ఒకరం చూసుకునేవాళ్లం. నాలుక తెల్లగా ఎండిపోయి ఉంటే వాడు నిజంగా ఉన్నట్టు, తడిగా ఉంటే ఎక్కడో దొంగతనంగా నీళ్లు తాగినట్టు. ఒకరోజు మా నాయన అది చూశాడు. విల్లు గోడకి ఆనించి వచ్చి మా మధ్యలో కూర్చున్నాడు. కోప్పడలేదు. "నమాజు చేస్తే నలుగురికీ కనపడుతుంది. దానం చేస్తే పుచ్చుకున్నవాడికి తెలుస్తుంది. హజ్‌కి పోయొస్తే ఊరంతా ఎదురొస్తుంది. ఒక్కపొద్దు ఒక్కటే ఎవరికీ కనపడదు. గది తలుపేసుకుని చెంబెడు నీళ్లు తాగి వచ్చినా మీ అమ్మక్కూడా తెలియదు. తెలిసేది పైవాడికీ నీకూ. ఇంక నాలుకలు చూడొద్దు. ఒక్కపొద్దు ఉన్నావా అని ఇంకొకణ్ణి అడగొద్దు. అది మన లెక్క కాదు" అన్నాడు. ఆయన పోయేదాకా మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఆ మాట అడగలేదు.

మా నాయనకి చదువు రాదు. ఆ సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని బడి అయ్యవారి అరుగు మీదికి తీసుకుపోయాడు. అయ్యవారు బ్రాహ్మలు. చిలుకూరి నారాయణరావు గారు ఖురాన్‌ని తెలుగు చేశారు, ఆ పుస్తకం అయ్యవారి దగ్గర ఉండేది. ఉపవాసాల గురించి ఉన్న చోటు తీసి చదివి, ఆయన మాటల్లో విప్పి చెప్పారు. ఈ ఉపవాసం కొత్తగా పుట్టింది కాదు, ముందటి జాతులకీ ఉండేదే. దేవుడు చూస్తున్నాడన్న ఎరుక మనిషిలో నిలవాలని పెట్టిందే గానీ, మనిషిని బాధపెట్టాలని కాదు. "మా అమ్మ ఏకాదశి, కార్తీక సోమవారాలు ఉండేది కూడా అందుకేరా" అన్నారు అయ్యవారు. ముహమ్మద్ ప్రవక్త మక్కా విడిచి మదీనా చేరిన రెండో ఏట, అంటే 624లో, ముస్లింలకి రంజాన్ ఉపవాసాలు విధి అయ్యాయి. ఖురాన్ దిగిరావడం మొదలైందీ ఈ నెలలోనే. అందుకే దీనికింత గౌరవం. అరబీలో వల్లెవేసిన దానికి అర్థం నాకు మొదట తెలిసింది ఆ అరుగు మీదనే.

రెండో ఎండాకాలం 1985. ఎన్టీ రామారావు రెండోసారి గెలిచిన ఏడు. అప్పటికి విల్లు నా భుజం మీదికొచ్చింది. ఎండాకాలమంటే పెళ్లిళ్ల కాలం, పెళ్లంటే కొత్త పరుపులు. పని మానుకుంటే ఇల్లు గడవదు. రోహిణి ఎండలో, వడగాలిలో, కటిక ఒక్కపొద్దు మీద దూది ఏకడం ఎట్లా ఉంటుందో మీకు చెప్పినా తెలియదు. నరం ఠంగుమని మోగినప్పుడల్లా నూగు లేచి ముక్కుల్లోకీ గొంతులోకీ పోతుంది. తుండుగుడ్డ కట్టుకున్నా ఆగదు. ఒక్కపొద్దు విరిగినట్టేనా అని పేష్ ఇమాం సాబ్‌ని అడిగాను. మనం కావాలని మింగనిది, దానంతట అది గొంతులోకి పోయిన దుమ్ము లెక్కలోకి రాదు, పని చేసుకోమన్నారు. మరచిపోయి తిన్నా కూడా అంతే. గుర్తొచ్చిన క్షణాన ఆపేసి నోరు కడుక్కుని మిగతా పొద్దు కొనసాగించాలి. కావాలని విరిచేసినవాడికి మాత్రం గట్టి శిక్షే ఉంది, వరసగా అరవై రోజులు ఉపవాసం ఉండాలి. దీన్ని బట్టి చూడండి, లెక్కంతా మనసుది.

ఆ ఏడు ఒక పెళ్లివారింట్లో పని ముగిశాక కూలి దగ్గర పేచీ వచ్చింది. ఒప్పుకున్నది ఒకటి, ఇస్తానన్నది ఒకటి. పైగా మాట తూలాడు ఆ ఇంటాయన. నాకు నెత్తురు మరిగింది. అప్పుడు ప్రవక్త నేర్పిన మాట గుర్తొచ్చింది. ఎవరైనా తగవుకొస్తే, నేను ఉపవాసంలో ఉన్నానని చెప్పి పక్కకి తొలగమన్నారు. చేతులు కట్టుకుని, "అయ్యా, నేను ఒక్కపొద్దులో ఉన్నాను, ఇప్పుడు మాట్లాడను" అని విల్లు తీసుకుని వచ్చేశాను. నోటికి కూడు ఆపడం సులువురా, నోటి నుంచి మాట ఆపడమే కష్టం. అబద్ధం మానని వాడి ఆకలితో దేవుడికి పని లేదని పెద్దలు చెప్తారు. చాడీ చెప్పిన నోరు, కల్తీ తూకం తూచిన చెయ్యి, చూడరానిది చూసిన కన్ను, ఇవన్నీ కూడా ఒక్కపొద్దు ఉండాలి.

పొద్దుగూకితే మసీదు దగ్గర నగారా మోగేది. ఖర్జూరం ఒక్కటి, దాని మీద సబ్జాగింజలు నానబెట్టిన నీళ్లు, శనగ గుగ్గిళ్లు. రెడ్ల తోటలోంచి ఎవరో ఒకరు గంపెడు మామిడికాయలు పంపేవాళ్లు. ఆ వేళకి వచ్చిన బాటసారి ఏ కులమైనా, ఏ మతమైనా వరసలో కూర్చోవలసిందే. రాత్రి ఇషా తర్వాత తరావీ నమాజు, ఇరవై రకాతులు. పట్నాల్లో ఖురాన్ అంతా కంఠస్థమైన హాఫిజ్‌లు ముప్పై భాగాల్నీ నెలరోజుల్లో చదివి ముగిస్తారు. మన చిన్న ఊరికి హాఫిజ్ ఎక్కడ? చివరి పది చిన్న సూరాలే రెండుమార్లు తిప్పి చదివేవారు. దాన్ని అలంతర తరావీ అనేవాళ్లం. ఆఖరి పది రోజులూ ఊరి తరఫున ఒక్కరైనా మసీదులోనే ఉండిపోయి ఇతికాఫ్ పాటించాలి. ఒకరు కూర్చుంటే ఊరందరి భారం దిగుతుంది, ఎవరూ కూర్చోకపోతే ఊరందరి మీదా ఉంటుంది. ఆ ఏడు ఒక ముసలి సాయిబు కూర్చున్నాడు, ఇంటింటి నుంచీ వంతులవారీగా ఆయనకి అన్నం పోయింది. ఆ పది రోజుల్లోని బేసి రాత్రుల్లోనే షబే ఖదర్ అనే పవిత్రమైన రాత్రి ఉంటుంది. మనవైపు ఇరవై ఏడో రాత్రి ఎక్కువ మంది మేలుకుంటారు.

మూడో ఎండాకాలం 2018. అప్పటికి నాకు షుగర్, పూటపూటా సూది మందు. ఎండలు మండిపోతున్నాయి. ఒక్కపొద్దు ఉంటే ప్రాణానికే ముప్పు అని డాక్టరు చెప్పేశాడు. చిన్నప్పట్నుంచీ ఉన్నవాణ్ణి, పగలు అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. మీ నాయనమ్మ నాకు వడ్డించేది, తను మాత్రం ఒక్కపొద్దులో. అప్పుడు మసీదు పెద్దొకాయన ఇంటికొచ్చి చెప్పాడు. "ఉండమన్నవాడే వద్దన్నాడు. జబ్బు చేసినవాడు, ప్రయాణంలో ఉన్నవాడు తర్వాత ఎప్పుడైనా ఆ రోజులు తీర్చుకోవచ్చు. కడుపుతో ఉన్న తల్లీ, పాలిచ్చే తల్లీ బిడ్డకి కష్టమనుకుంటే ఆగి తర్వాత ఉండొచ్చు. నెలసరిలో ఆడవాళ్లు ఆ రోజులు మానేసి తర్వాత తీర్చాలి. ఇక ఎప్పటికీ ఉండలేని ముసలివాళ్లు రోజుకొక బీదవాడికి రెండుపూటలా అన్నం పెడితే చాలు. నీకు ఇచ్చిన వెసులుబాటుని కాదంటే అది భక్తి కాదు, మొండితనం."

ఆ అన్నం పెట్టడాన్ని ఫిద్యా అంటారు. ఆ ఏడు నెలంతా నా బదులు ఒక మనిషి కడుపు నిండా తిన్నాడు. నేను ఆకలిగా ఉన్నప్పుడు కూడా ఇంకొకరి ఆకలి అంత దగ్గర్నుంచి చూడలేదురా. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో కనుక్కుని పోవాలి కదా, అప్పుడు కనపడ్డాయి మన వీధిలోనే ఉన్న ఇళ్లు.

చివరాఖరికి ఒక్కపొద్దు అక్కడికే చేరుతుంది. స్తోమత ఉన్నవాడు, అంటే ఏడున్నర తులాల బంగారం, లేదా యాభై రెండున్నర తులాల వెండి పాటి ఆస్తి ఏడాది పాటు నిలిచినవాడు, నలభయ్యో వంతు జకాత్ తీయాలి. నూటికి రెండున్నర. చాలామంది ఆ లెక్క ఈ నెలలోనే చూసుకుంటారు. ఇక ఫిత్రా ఉంది. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమంది తరఫున, నిన్న పుట్టిన పసిగుడ్డు తరఫున కూడా, మనిషికి పావు తక్కువ రెండు కిలోల గోధుమలు గానీ వాటి వెల గానీ పండగ నమాజుకి ముందే బీదవాళ్లకి చేరాలి. ముందే ఎందుకంటే, మనం ఈద్గాలో వరస కట్టే వేళకి వాళ్లింట్లోనూ సేమియా ఉడుకుతుండాలి. నమాజు అయ్యాక ఇస్తే అది మామూలు దానమే.

అందుకని ఒరే, నువ్వు ఉంటానంటే ఈ ఏడు బాగా కలిసొచ్చింది. చలి శివశివా అంటూ పోయాక, ఎండలు ముదరక ముందు, ఒక్కపొద్దు పదమూడు గంటలకి అటూ ఇటూగా. నీకింకా విధి కాలేదు, ఈడు రావాలి. కళ్లు తిరిగితే ఆ మాట మీ అమ్మకి చెప్పి నీళ్లు తాగు, తప్పు లేదు. సాయంత్రం రోజా కుషాయి, అంటే మొదటి ఒక్కపొద్దు వేడుక, చేస్తాం, కొత్త బట్టలు, పూలదండ, చుట్టుపక్కల పిల్లలందరికీ తీపి. బుజ్జమ్మ ఎప్పుడుంటానంటే అప్పుడు తనకీ అట్లాగే.

కానీ దండ వేస్తారని ఉండొద్దు. ఎవరూ నిన్ను అడగరు, నేనైతే అసలే అడగను. 2050 ప్రాంతంలో రంజాన్ మళ్లీ రోహిణి ఎండల్లోకి వస్తుంది. అప్పటికి నువ్వు ఇల్లు నడిపే మగాడివి. ఆ ఎండకి నిలబడే మనసు ఇప్పట్నుంచే కట్టుకోవాలి. ఇక ఈ నెలలో నీకో పని అప్పజెప్తున్నా. మనింట్లో ఎంతమందిమో లెక్కపెట్టి, ఫిత్రా గోధుమలు నువ్వే కొలవాలి. కొలిచి, ఎవరికి చేరాలో వీధంతా తిరిగి నువ్వే కనుక్కుని రావాలి.