దమాకు మా ఇంటి ఇలాజ్

1980ల్లో నా దమాకు ఇలాజ్ కోసం అబ్బా గన్నవరం నుంచి హైదరాబాద్ దూద్‌బౌలికి తీసుకెళ్లారు. మృగశిర కార్తె నాడు బత్తినివారు పసుపురంగు మందు పెట్టిన బతికున్న కొర్రమీను పిల్లను మింగించారు. 1845 నుంచీ ఇస్తున్నామంటుంది ఆ ఖాన్‌దాన్. పైసా తీసుకోరు, మజహబ్ అడగరు. ఆ మర్యాదకు సలాం. అసర్ మాత్రం ఏ పరిశోధనలోనూ రుజువు కాలేదు.

అప్పటికే 1969లో సాల్బుటమాల్ పంపు వచ్చింది, బిగిసిన శ్వాసనాళాలను వదులు చేయడానికి. లోపలి వాపు తగ్గించే బెక్లోమెథాసోన్ పంపు ఫలితాలను 1972లో ఇంగ్లండ్‌లోని డెర్బీ డాక్టర్ మారో బ్రౌన్ ప్రచురించాడు. మోతాదు మైక్రోగ్రాముల్లోనే. "పంపు ఆదత్ అయిపోతుంది బేటా" అని నానీమా వద్దంది.

మొన్న నా కూతురికి అదే పంపు రాస్తే, నా నోటా అదే మాట వచ్చింది. డాక్టరమ్మ నవ్వి స్పేసర్ నా చేతిలో పెట్టింది.