ఎమిల్ కథ: బాలల రహస్య సాహస నవల చరిత్రకు ఆధారమవుతుందా?

1. ప్రస్తావన

జర్మనీలోని వైమార్ గణతంత్రాన్ని గురించి చదివేటప్పుడు మనం సాధారణంగా వెర్సే సంధి, రాజ్యాంగం, ద్రవ్యోల్బణం, పార్టీల బలాబలాలు అనే క్రమంలో సాగుతాం. ఇవన్నీ అవసరమే. అయితే ఆనాటి సామాన్య కుటుంబం నూరు మార్కుల నోటును ఎంత భద్రంగా దాచుకున్నదీ, చిన్న ఊరి పిల్లవాడు పోలీసును చూసి ఎందుకు జంకినదీ ప్రభుత్వ పత్రాలలో అరుదుగా కనిపిస్తాయి. అటువంటి విషయాలకు చరిత్రకారుడు కథలను కూడా ఆశ్రయిస్తాడు. 1929లో బెర్లిన్‌లో వెలువడిన 'ఎమిల్, డిటెక్టివ్‌లు' అనే పిల్లల నవలను ఆధారంగా ఎంతవరకు స్వీకరించవచ్చో, ఎక్కడ ఆగిపోవాలో ఈ పాఠ్యభాగంలో పరిశీలిద్దాం.

2. రచన నేపథ్యం

రచయిత ఎరిక్ కేస్ట్నర్ 1899లో డ్రెస్డెన్‌లో జన్మించాడు. తల్లి ఈడా ఇంట్లోనే స్త్రీలకు కేశాలంకరణ చేసి కొడుకును చదివించింది. 1917లో అతన్ని సైన్యంలోకి తీసుకున్నారు. అక్కడి అనుభవం అతన్ని జీవితాంతం యుద్ధ వ్యతిరేకిగా నిలిపింది. 1925లో లైప్‌జిగ్‌లో డాక్టరేట్ పొంది, తరువాత బెర్లిన్ చేరి పత్రికలకు రాశాడు. అలా రాసిన పత్రికలలో 'వెల్ట్‌బ్యూనె' ఒకటి. దాని సంపాదకుడు సీగ్‌ఫ్రీడ్ యాకబ్సన్ 1926లో మరణించాడు. ఆయన భార్య ఈడిత్ యాకబ్సన్ పిల్లల పుస్తకాల ప్రచురణ సంస్థను నడిపేది. పిల్లల కోసం ఒక నవల రాయమని కేస్ట్నర్‌ను ప్రోత్సహించింది ఆమే. బొమ్మలు వాల్టర్ ట్రియర్ వేశాడు.

అంతకుముందు పిల్లల సాహస కథ అంటే దూరదేశాలు, సముద్రపు దొంగలు, పాతిపెట్టిన ధనం. 1883లో పుస్తకంగా వచ్చిన స్టీవెన్సన్ 'ట్రెజర్ ఐలాండ్' ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. కేస్ట్నర్ ఆ సాహసాన్ని ద్వీపం నుంచి నగర వీధికి తెచ్చాడు.

3. కథాంశం

నోయ్‌స్టాట్ అనే చిన్న పట్టణంలో వితంతువైన తల్లితో ఉండే ఎమిల్ సెలవుల్లో బెర్లిన్‌కు రైలెక్కుతాడు. తల్లి అతనికి 140 మార్కులు ఇస్తుంది. అందులో 120 అమ్మమ్మకు, 20 అతని ఖర్చులకు. ఎమిల్ ఆ నోట్లను కోటు లోపలి జేబులో పెట్టి గుండుసూదితో గుచ్చుతాడు. రైలులో నిద్రపట్టి లేచేసరికి డబ్బు లేదు, ఎదురుగా కూర్చున్న గట్టి టోపీ మనిషి లేడు. జూ స్టేషనులో ఆ మనిషిని చూసి ఎమిల్ అక్కడే దిగి వెంబడిస్తాడు. హారన్ మోగిస్తూ తిరిగే గుస్టావ్, 'ప్రొఫెసర్' అని పిలిపించుకొనే కుర్రవాడు, ఇంట్లో టెలిఫోను దగ్గర కాపలా ఉండే 'చిన్న మంగళవారం' వంటి పిల్లలు తోడవుతారు. మరునాడు పిల్లల గుంపు దొంగను చుట్టుముడుతుంది. బ్యాంకులో నోట్లపై ఉన్న గుండుసూది రంధ్రాలే సాక్ష్యమవుతాయి. దొరికినవాడు బ్యాంకు దోపిడీ నిందితుడని తేలి, ఎమిల్‌కు 1000 మార్కుల బహుమతి లభిస్తుంది.

4. చరిత్ర విద్యార్థి గమనించవలసిన అంశాలు

అ) డబ్బు విలువ: 1923 నవంబరు నాటికి ఒక అమెరికన్ డాలరు 4.2 లక్షల కోట్ల మార్కులకు చేరింది. సంపన్నేతరుల పొదుపు అంతా కరిగిపోయింది. కొత్త నాణెం స్థిరపడిన తరువాత వచ్చిన నవల ఇది. వారానికి 35 మార్కులు సంపాదించేవారికి 140 మార్కులు చాలా పెద్ద మొత్తమని రచయిత పాఠకులకు విడమరచి చెబుతాడు. లెక్క వేస్తే అది నాలుగు వారాల సంపాదన. గుండుసూది వెనుక ఉన్న భయం మనకు ఇప్పుడు అర్థమవుతుంది. కథ చివర డబ్బు మనియార్డరు ద్వారానే పంపాలని అమ్మమ్మ తేల్చడం కూడా ఆ కుటుంబాల జాగ్రత్తను తెలిపేదే.

ఆ) అధికార భయం: డబ్బు పోయినా ఎమిల్ పోలీసుల దగ్గరకు వెళ్ళడు. తమ ఊరిలో గ్రాండ్ డ్యూక్ విగ్రహానికి ఎర్ర ముక్కు, మీసాలు గీసినందుకు తనను పట్టుకుంటారని అతని బెదురు. 1918లోనే జర్మనీలో రాజరికాలు రద్దయ్యాయి. గణతంత్రం పదేళ్ళు నడిచినా ప్రభువు విగ్రహం ఊరి నడుమ నిలిచే ఉంది, దాని భయమూ పిల్లల మనసులో నిలిచే ఉంది. వ్యవస్థ మారినంత త్వరగా అలవాట్లు మారవనడానికి ఇది చక్కని దృష్టాంతం.

ఇ) నగరం: 1920లో మహా బెర్లిన్ ఏర్పడినప్పుడు దాని జనాభా దాదాపు 38 లక్షలు. ట్రాము, టాక్సీ, టెలిఫోను, వార్తాపత్రిక ఈ కథకు ఆయువుపట్టు. నోలెన్‌డార్ఫ్ కూడలి వంటి నిజమైన స్థలాలే ఇందులో వస్తాయి.

ఈ) పరిమితులు: పిల్లలు పని పంచుకుంటారు, చర్చించి నిర్ణయిస్తారు. కాని ఎమిల్ బంధువైన పోనీ అనే చురుకైన బాలికకు సైకిలుపై కాఫీ, రొట్టెలు తెచ్చే పని తప్ప పెద్దగా పాత్ర లేదు. ఆనాటి సమాజం ఆడపిల్లకు ఇచ్చిన చోటు ఇందులోనూ కనిపిస్తుంది.

5. పుస్తకానికి, మనుషులకు ఏమైంది?

1931లో గెర్హార్ట్ లాంప్రెక్ట్ ఈ నవలను చలనచిత్రంగా తీశాడు. చిత్రానువాదం తరువాతి కాలంలో హాలీవుడ్‌లో పేరుపొందిన బిల్లీ వైల్డర్‌ది. రెండేళ్ళలో నాజీలు అధికారంలోకి వచ్చారు. 1933 మే 10న బెర్లిన్ ఒపేరా కూడలిలో తన పుస్తకాలను తగలబెడుతుంటే కేస్ట్నర్ గుంపులో నిలబడి చూశాడు. జనాదరణ కారణంగా 'ఎమిల్' మాత్రం నాటి మంటల్లో పడలేదు. యూదురాలైన ఈడిత్ యాకబ్సన్ ఆ ఏడాదే దేశం విడిచి, 1935లో లండన్‌లో మరణించింది. యూదుడైన ట్రియర్ 1936లో లండన్‌కు, 1947లో కెనడాకు వెళ్ళాడు. కేస్ట్నర్ జర్మనీలోనే ఉండిపోయాడు.

చిత్రంలో ఎమిల్‌గా నటించిన రోల్ఫ్ వెంక్‌హౌస్, చిన్న మంగళవారంగా నటించిన హాన్స్ లోర్, ఇద్దరూ 1942లో యుద్ధంలో మరణించారు. గల్లీలలో దొంగను తరిమి న్యాయం గెలిచిందని చూపిన ఆ పిల్లలకు, పెద్దయ్యాక దక్కిన దేశం అది.

6. నిర్ధారణ

ఈ నవల 1929 నాటి కుటుంబ జీవనానికి, వీధికి, డబ్బుకు, భయాలకు విలువైన ఆధారం. కాని పిల్లలు ఐకమత్యంగా ఉన్న కథ ఉందని ఆనాటి సమాజమూ అలాగే ఉందని అనుకోరాదు. రచయిత చూసినది ఎంత, ఆశించినది ఎంత అని వేరుచేయడమే మన పని. గుండుసూది రంధ్రం చూసినది, నూరుమంది పిల్లల ఐక్యత ఆశించినది. ఆ ఆశ నెరవేరలేదన్న సంగతి కూడా చరిత్రలో భాగమే. కేస్ట్నర్‌కు 1960లో బాలసాహిత్యానికిచ్చే హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పురస్కారం లభించింది. ఆయన 1974లో మరణించాడు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1) ఎమిల్ పోలీసులను ఆశ్రయించకపోవడానికి గల కారణాన్ని వైమార్ గణతంత్ర పరిస్థితులతో అన్వయించండి.
2) మీరు చిన్నప్పుడు చదివిన ఒక సాహస కథను ఎంచుకొని, అందులో రచయిత చూసినవి, ఆశించినవి వేరుచేసి 10 వాక్యాలలో రాయండి.