రేడియో పత్రికలు నేర్పిన విద్య

రేడియోను కొని వినువారు పెక్కండ్రు. స్వయముగాఁ గూర్చి వినువారు కొందఱు. ఆ కొందఱిని తీర్చిదిద్దినవి చిన్న పత్రికలు.

1908లో న్యూయార్కునందు హ్యూగో గెర్న్స్‌బాక్ 'మోడర్న్ ఎలక్ట్రిక్స్' అను మాసపత్రికను స్థాపించెను. ఇట్టి పత్రికలలో యంత్రపటము, కావలసిన భాగముల పట్టిక, కూర్చు విధానము నుండును. వానిని జదివి బాలురు సైతము యంత్రములను నిర్మించుకొనిరి. మన దక్షిణదేశమున 1924 జూలై 31న ప్రసారములను మొదలిడినవారును అభిలాషులే. వారిది మద్రాసు రేడియో క్లబ్బు. 1969లో ఢిల్లీనుండి 'ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ' వెలువడి, మన యువకులకు ఇంటి బల్లయే ప్రయోగశాల కాఁగలదని తెలిపెను.

కాని పటము చేతనున్నను, భాగములు పరదేశమునుండి రావలసినచో నా విద్య సగమే. 1967 ఏప్రిలు 11న ఏర్పడి, నాచారమునకు సమీపమున నెలకొన్న ఇ.సి.ఐ.ఎల్. సంస్థ యీ కొఱఁతను దీర్పఁబూనెను. దాని స్థాపకులు గోదావరి మండలమందలి మోగల్లున జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు. మన యంత్రములను మనమే చేసికొనవలెనని వారి సంకల్పము. టెలివిజనులు, గణనయంత్రములు అచ్చట రూపొందెను. పత్రిక బాలునకుఁ జెప్పిన పాఠమునే సంస్థ దేశమునకుఁ జూపెను.

నేఁడు యంత్రములు మూసిన పెట్టెలై వచ్చుచున్నవి, చెడినచోఁ బాఱవైచుచున్నాము. ఉప్పల్, నాచారముల తల్లిదండ్రులారా! పాడైన రేడియోను విప్పిచూచు బిడ్డను మందలింపకుఁడు. విద్యుత్తును తొలఁగించి, ఒక పటము నిచ్చి, ప్రక్కనఁ గూర్చుండుఁడు.