జర్మనీని ఆపిన టర్నోవో కుర్రాళ్లు

వెలికో టర్నోవోకి కొత్తగా వచ్చినవాళ్లు ముందుగా త్సారెవెత్స్ కొండ ఎక్కుతారు. యాంత్రా నది మూడు వైపులా చుట్టి పారే కొండ అది. రెండో బల్గేరియా సామ్రాజ్యానికి రెండు వందల ఏళ్లకు పైగా ఈ ఊరే రాజధాని. 1205లో అడ్రియానోపుల్ యుద్ధంలో పట్టుబడిన లాటిన్ చక్రవర్తి బాల్డ్విన్ పేరుతో ఒక బురుజు ఇప్పటికీ ఉంది. 1393లో మూడు నెలల ముట్టడి తర్వాత, జూలై 17న, కోట ఒట్టోమన్ల వశమైంది. 1879లో బల్గేరియా తొలి రాజ్యాంగం రాసుకున్నదీ, 1908లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నదీ ఇక్కడే. పాఠ్య పుస్తకాల్లో మా ఊరి పేజీలు ఇంతటితో అయిపోతాయి.

మరో తేదీ కూడా ఆ పేజీల్లోకి ఎక్కాల్సింది. అది 1994 జూలై 10.

ఆ రోజు అమెరికాలోని జెయింట్స్ స్టేడియంలో ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్ జరిగింది. ఒక వైపు అప్పటి విజేత జర్మనీ, మరో వైపు ఆ టోర్నీకి ముందు ఐదు ప్రపంచ కప్‌లలో పదహారు మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ గెలవని బల్గేరియా. గోల్ కీపర్ మిహైలోవ్ ముందు నిలబడ్డ నలుగురు కిర్యకోవ్, హుబ్చెవ్, ట్రిఫోన్ ఇవనోవ్, త్స్వెతనోవ్. వీళ్లలో హుబ్చెవ్‌ని పక్కన పెడితే మిగతా ముగ్గురూ వెలికో టర్నోవో క్లబ్బు ఏతర్‌లో ఆడి పైకి వచ్చినవాళ్లే. మిడ్‌ఫీల్డ్‌లో ఉన్న క్రసిమిర్ బలకోవ్ సరేసరి, ఈ ఊళ్లోనే పుట్టాడు. రెండో సగం మొదట్లోనే మథాయిస్ పెనాల్టీతో జర్మనీ ముందంజ వేసింది. 75వ నిమిషంలో స్తోయిచ్కోవ్ ఫ్రీ కిక్, మూడు నిమిషాలకే లెచ్కోవ్ హెడర్. 2-1తో బల్గేరియా గెలిచింది. టీవీలు ఈనాటికీ చూపించేది లెచ్కోవ్ బట్టతలనే. ఆ తర్వాత మిగిలిన పది పన్నెండు నిమిషాలు జర్మన్లను బాక్సు బయటే నిలబెట్టిన డిఫెన్స్‌ని ఎవరూ రీప్లే వేయరు.

అందులో పెద్ద పేరు ట్రిఫోన్ ఇవనోవ్‌ది. 1965 జూలై 27న ఈ ప్రాంతంలోని ఒక పల్లెలో పుట్టాడు. ఊరి పేరుకు ముందు ‘వెలికో’ అధికారికంగా చేరిందీ ఆ ఏడాదే. కుర్రాడిగా ఏతర్‌కి వచ్చాడు. ఏతర్ చొక్కా ఊదా రంగు, మైదానం పేరు ఇవైలో స్టేడియం. ఇవైలో అంటే పందులు కాసుకుంటూ బతికి, 1277లో రైతుల్ని కూడగట్టి, మరుసటి ఏడాదికల్లా ఇదే ఊళ్లో సింహాసనం ఎక్కినవాడు. పల్లెటూరి కుర్రాళ్లు బంతి తన్నే చోటుకు ఇంతకన్నా తగిన పేరు దొరకదు.

కమ్యూనిస్టు ఏలుబడిలో బల్గేరియా ఫుట్‌బాల్ అంటే సోఫియానే. సైన్యం క్లబ్బు సీఎస్‌కేఏ, దాని ప్రత్యర్థి లెవ్‌స్కీ. బయటి ఊళ్లలో ఎవడైనా బాగా ఆడుతున్నాడని తెలిస్తే రాజధాని లాక్కుపోయేది. ట్రిఫోన్ 1988లో సీఎస్‌కేఏకి వెళ్లాడు. స్తోయిచ్కోవ్, కొస్తదినోవ్, ల్యుబోస్లావ్ పెనెవ్ ఒకే జట్టులో ఉన్న రోజులవి. కోచ్ దిమితర్ పెనెవ్. ఆ సీజన్‌లో యూరప్ కప్ విన్నర్స్ కప్ సెమీఫైనల్ దాకా వెళ్లి బార్సిలోనా చేతిలో ఓడారు. లీగ్ టైటిల్ 1989లోనూ 1990లోనూ వాళ్లదే.

1989 నవంబర్‌లో కమ్యూనిస్టు పాలకుడు జివ్‌కోవ్ గద్దె దిగాడు. అంతవరకూ ఆటగాళ్లు ఇష్టమొచ్చినట్టు విదేశాలకు వెళ్లే వీలు లేదు. తలుపు తెరుచుకోగానే ఒకరి వెనక ఒకరు బయల్దేరారు. ట్రిఫోన్ స్పెయిన్‌లో రియాల్ బెతిస్‌కి, బలకోవ్ పోర్చుగల్‌లో స్పోర్టింగ్‌కి, కిర్యకోవ్ లా కొరూన్యాకి.

చిత్రమేమిటంటే ఊరి క్లబ్బుకి అసలైన వైభవం వచ్చింది వాళ్లు వెళ్లాకే. 1990-91 సీజన్ సగంలో బలకోవ్ కూడా పోయినా, గియోర్గి వసిలెవ్ శిక్షణలో ఏతర్ లీగ్ గెలిచింది. క్లబ్బు చరిత్రలో అదొక్కటే లీగ్ టైటిల్. ఆ జట్టులో స్విష్తోవ్ నుంచి వచ్చిన ఇరవై ఒక్క ఏళ్ల డిఫెండర్ త్సాంకో త్స్వెతనోవ్ ఉన్నాడు, ముందు వరసలో ఆడే బొంచో గెంచెవ్ ఉన్నాడు. ఆ శరదృతువులో యూరోపియన్ కప్‌లో జర్మనీ చాంపియన్ కైజర్స్‌లౌటర్న్ ఎదురైంది. అక్కడ 0-2, ఇక్కడ 1-1. ముచ్చట మొదటి రౌండ్లోనే ముగిసింది.

మళ్లీ వీళ్లంతా కలిసింది జాతీయ జట్టులో, పాత కోచ్ దిమితర్ పెనెవ్ దగ్గరే. 1993 నవంబర్ 17న పారిస్‌లో చివరి నిమిషంలో కొస్తదినోవ్ గోల్ కొట్టి ఫ్రాన్స్‌ని ఇంట్లో కూర్చోబెట్టిన మ్యాచ్‌లో ట్రిఫోన్, త్స్వెతనోవ్ ఇద్దరూ డిఫెన్స్‌లో ఉన్నారు. అమెరికాలో మొదటి మ్యాచ్ నైజీరియా చేతిలో 0-3. అంతా మళ్లీ పాత కథే అనుకున్నారు. తర్వాత గ్రీస్‌పై 4-0, అర్జెంటీనాపై 2-0. అర్జెంటీనా మ్యాచ్‌లో త్స్వెతనోవ్‌ని రెఫరీ బయటికి పంపేస్తే మిగిలిన పదిమందితోనే నెగ్గుకొచ్చారు. తర్వాతి రౌండ్లో మెక్సికోతో పెనాల్టీల్లో బల్గేరియా మొదటి కిక్‌ని బలకోవ్ వృథా చేశాడు. రెండోది గెంచెవ్ వేశాడు. ఒక ఊరి క్లబ్బువాడు పోగొట్టింది అదే క్లబ్బువాడు తెచ్చిపెట్టాడన్నమాట. సెమీఫైనల్లో రాబెర్తో బాజ్జో రెండు గోల్స్‌తో ఇటలీ 2-1గా గెలిచింది. మూడో స్థానం మ్యాచ్‌లో స్వీడన్ 4-0తో చితక్కొట్టింది. అప్పటికి కాళ్లలో సత్తువ లేదు. అయినా నాలుగో స్థానం బల్గేరియాకి అంతకుముందు లేదు, ఆ తర్వాతా రాలేదు.

ట్రిఫోన్‌ని ప్రపంచం గుర్తుపెట్టుకున్నది ఆటకంటే రూపంతోనే అంటే కాదనలేం. వెనక మెడ మీదికి దిగే జుట్టు, మాసిన గడ్డం, లోతుకుపోయిన కళ్లు. పత్రికలు ‘బల్గేరియా తోడేలు’ అన్నాయి. ఆ పేరు అతనికి కొంత అన్యాయం చేసింది. భయపెట్టి బంతి లాక్కునే రకం మాత్రమే అయితే డెబ్బై ఆరు అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడలేడు. ఎక్కడ నిలబడాలో తెలిసినవాడు, బంతి దొరికితే చాలా దూరం నుంచే గోల్‌కి గురిపెట్టేవాడు. డిఫెండర్‌గా దేశానికి ఆరు గోల్స్ చేశాడు. 1994 డిసెంబర్‌లో కార్డిఫ్‌లో వేల్స్‌పై మ్యాచ్ మొదలైన ఐదో నిమిషంలోనే కొట్టినది వాటిలో ఒకటి. ఆ రోజు 3-0.

బెతిస్ తర్వాత స్విట్జర్లాండ్‌లో న్యూషతెల్ జమాక్స్, 1995లో వియన్నాలో రాపిడ్. ఇక్కడ ఈ ఊరివాళ్లకు తెలిసిన పాత దారి ఒకటి కలుస్తుంది. పంతొమ్మిదో శతాబ్దం నుంచీ టర్నోవో చుట్టుపక్కల పల్లెల తోటమాలులు, ముఖ్యంగా లియాస్కోవెత్స్, డ్రాగనోవో వాళ్లు, ఆస్ట్రియా, హంగరీలకు వెళ్లి నగరాల అంచుల్లో కూరగాయలు పండించేవారు. వియన్నాలో టర్నోవో మనిషి కొత్త కాదు. ట్రిఫోన్ వెళ్లిన మొదటి సీజన్లోనే రాపిడ్ లీగ్ గెలిచింది, కప్ విన్నర్స్ కప్ ఫైనల్‌కీ చేరింది. 1996 మే 8న బ్రస్సెల్స్‌లో పారిస్ సాన్ జెర్మాన్ 1-0తో గెలిచింది. ఆ ఏడాది బల్గేరియా ఉత్తమ ఆటగాడు ట్రిఫోనే. స్తోయిచ్కోవ్, బలకోవ్‌లు ఇంకా ఆడుతున్న రోజుల్లో ఆ బహుమతి ఒక డిఫెండర్‌కి రావడం చిన్న సంగతి కాదు. తర్వాత ఆస్ట్రియా వియన్నా, చివరికి అదే నగరంలో చిన్న క్లబ్బు ఫ్లోరిడ్స్‌డోర్ఫ్.

కిర్యకోవ్, త్స్వెతనోవ్‌ల దారి ఇంకా ఉత్తరానికి పోయింది. జర్మనీ దాడుల్ని చెరో అంచునా కాసిన ఆ ఇద్దరూ 1996లో స్కాట్లండ్‌లో అబర్డీన్ క్లబ్బులో మళ్లీ కలిశారు. బలకోవ్ స్టుట్‌గార్ట్‌లో ఎనిమిదేళ్లు ఉన్నాడు. చాలా ఏళ్లకు కోచ్‌గా ఏతర్‌కే తిరిగొచ్చాడు. ఆ ఏతర్ మాత్రం పాతది కాదు. డబ్బుల్లేక పాత క్లబ్బు 2013లో కూలిపోతే ఊరివాళ్లు మళ్లీ కింది లీగుల నుంచి మొదలుపెట్టారు. 2017లో మొదటి డివిజన్‌కి చేరారు.

పాత బజారు వీధి పేరు సమొవొద్స్కా చార్షియా. ఊరికి ఉత్తరాన ఉన్న సమొవొదెనె పల్లె రైతులు కూరగాయలు తెచ్చి అమ్మేవాళ్లు కాబట్టి ఆ పేరు. ఆట మానేశాక ట్రిఫోన్ ఉన్నది ఆ పల్లెలోనే. 2016 ఫిబ్రవరి 13న అక్కడే గుండెపోటుతో పోయాడు. యాభై ఏళ్లు.

1998 ప్రపంచ కప్‌లో బల్గేరియా కెప్టెన్ అతనే. జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. చివరిదాంట్లో స్పెయిన్ 6-1తో ఓడించింది. అయితే ఆ టోర్నీకి చేరడానికి 1997 సెప్టెంబర్ 10న సోఫియాలో రష్యాని ఓడించాల్సి వచ్చింది. స్కోరు 1-0. గోల్ ట్రిఫోన్ ఇవనోవ్‌ది. ఆ తర్వాత బల్గేరియా మళ్లీ ప్రపంచ కప్ ముఖం చూడలేదు.