అలుగు పారితే చేప యాడికి పోతాది?

అన్నలారా, కంభం చెరువు అలుగు పారుతోందంటే మన పక్క జనం రెండు పనులు చేస్తారు. ఒకటి, నారుమడికి లెక్కలేసుకోవడం. రెండోది, విసురువల భుజానేసుకుని అలుగు కాడికి పరిగెత్తడం. మొదటిదాని గురించి చాలామంది రాశారు. నేను రెండోదాని గురించి రాస్తా.

చెరువు పుట్టుక మీకు తెలిసిందే. శ్రీకృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడబిడ్డ వరదరాజమ్మ కట్టించిందని, 1522–24 ప్రాంతమని చెప్తారు. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా వేసిన కట్ట. తెల్లదొరల గెజిటీర్ ప్రకారం కట్ట ఎత్తు 57 అడుగులు, 430 చదరపు మైళ్ల వాన దీంట్లోకి దిగుతుంది. 2020లో ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడంగా గుర్తింపు కూడా వచ్చింది. మనకు అది కట్ట. చేపకు మాత్రం దారికి అడ్డంగా లేపిన గోడ.

ఎందుకంటే ఏటి చేపకు వరదే పెళ్లి ముహూర్తం. నల్లమలలో వాన పడి ఎర్రనీళ్లు దిగగానే నీళ్లు చల్లబడతాయి, వాలుగ, జెల్ల, పరిగె ఎదురెక్కుతాయి. నీళ్లు మునిగిన గడ్డిలో, మడుల్లో గుడ్లు పెడతాయి. అక్కడ పిల్లకు మేత ఉంటుంది, దాక్కోను చోటు ఉంటుంది. వరద నిదానంగా తీస్తే పిల్లలు ఏట్లోకి దిగుతాయి. రెండ్రోజుల్లో వచ్చి రెండ్రోజుల్లో పోతే గుడ్డు గడ్డిమీదే ఎండిపోతుంది. మన వాగులు చాలాసార్లు ఈ రెండో రకమే. బొచ్చె, శీలావతి, మోసు అయితే చెరువులో ఎంత బలిసినా నిలవనీళ్లలో గుడ్లు పెట్టవు, పారే వరద కావాలి. కొర్రమీను ఒక్కటే మొండిది. పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, పిల్లల్ని కాపలా కాస్తుంది, బురదలో దూరి కొన్నాళ్లు బతుకుతుంది. మన కరువు నేలకు తగ్గ చేప!

అడ్డుకట్టలతో చేపకు నష్టమనే మాట కొత్తది కాదు. ఆనకట్టలు కట్టిన కాటన్ దొరే 1860ల్లో ఈ అనుమానం లేపాడు. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే ఊళ్లూ ఏళ్లూ తిరిగి 1873లో పెద్ద నివేదిక ఇచ్చాడు. గుడ్లతో ఎదురెక్కే తల్లిచేపను, మడుల్లో చిక్కిన పిల్లను ఊడ్చేస్తున్నారని అందులో మొత్తుకున్నాడు. 1897లో చేపల చట్టం వచ్చి మందు పాతర్లతో, విషంతో పట్టడం నేరమైంది. చట్టం వచ్చి నూరేళ్లు దాటింది, మడుగులో మందు కలిపే మొనగాళ్లు ఇంకా ఉన్నారు, అది వేరే సంగతి.

అసలు మలుపు 1957. ఒడిశాలో హీరాలాల్ చౌధురి చేపకు సూదిమందు ఇచ్చి గుడ్లు పెట్టించాడు. అంతకుముందు పిల్ల కావాలంటే వరద ఏట్లో వల కట్టి పట్టాల్సిందే. ఇప్పుడు ఆక్సిజన్ కవర్లలో వస్తుంది. దాంతో వరద అర్థమే తిరగబడింది. ఒకప్పుడు చేపను తెచ్చేది వరద. ఇప్పుడు డబ్బు పెట్టి పిల్ల వదిలిన మత్స్యకారుల సంఘం అలుగు చూస్తే భయపడుతుంది, పెంచిన చేప దిగువకు దూకి పోతుందని. అలుగు కింద మనం సంబరంగా పట్టేది వాళ్ల పెట్టుబడే. కాస్త సిగ్గుపడాల్సిన విషయమే, నాతో సహా.

ఎగువన వాగుల మీద చెక్‌డ్యాములు వేసుకున్నాం. బోర్లకు మేలు జరిగింది, కాదనను. కానీ గోడ పక్కన చేప ఎక్కడానికి చిన్న మెట్ల కాలవ ఎక్కడా పెట్టలేదు. గిద్దలూరు పక్క సగిలేరు నీళ్లు పెన్నలో కలుస్తాయి, మన గుండ్లకమ్మ తూర్పు సముద్రానికి పోతుంది. పక్కపక్కనే పుట్టినా రెండేళ్ల చేప కలిసేది లేదు. రేపు వెలిగొండ సొరంగాల్లో కృష్ణ నీళ్లు దిగితే వాటితో కృష్ణ చేపా దిగొచ్చు. అప్పుడు ఇక్కడి పరిగె, జెల్ల ఏమవుతాయో మన వల వాళ్లే ముందు చెప్తారు. ఈసారి అలుగు కాడ కలిస్తే కడుపుతో ఉన్న వాలుగను వెనక్కి వదులుతారా లేదా, అక్కడే తేల్చుకుందాం.